పొడి అక్షరంలో ఒక ఇల్లు

హైదరాబాద్‌ శివార్లలో అప్పా జంక్షన్‌ దాటి చేవెళ్ల దారి పట్టినవాళ్లు ఒక మనిషి పేరున్న జిల్లాలో ప్రయాణిస్తారు. ఆ పేరు ఒక్కోచోట ఒక్కో పొడుగు. కొన్ని కాగితాల్లో అది కె.వి. రంగారెడ్డి జిల్లా. జనం నోట రంగారెడ్డి జిల్లా. దుకాణం బోర్డుల మీద, పెళ్లి పత్రికల అడుగున ఆర్‌ఆర్‌ జిల్లా. వాడకంలో అరిగి అరిగి మనిషి రెండు అక్షరాలు అయ్యాడు. ఆ మొదటి ‘కె’ ఏమిటని అడిగితే మాత్రం ఆ జిల్లాలో పుట్టి పెరిగినవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగుతారు.

ఆ ‘కె’ కొండా. మొయినాబాద్‌ మండలం పెద్దమంగళారంలో 1890 డిసెంబరు 12న పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి హైదరాబాద్‌లో వకీలు. నిజాం రాజ్యంలో తెలుగులో సభ జరుపుకోవడమే సాహసమైన రోజుల్లో, 1936లో, షాద్‌నగర్‌లో జరిగిన అయిదో ఆంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షుడు. మొదటిది 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. తర్వాత వరసలో బూర్గుల, పులిజాల, మాడపాటి. ఆ వరసలో నిలబడడమంటే మాటలు కాదు. 1952లో బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో ఆయన ఎక్సైజు, అటవీ శాఖలు చూశారు. తరవాత దామోదరం సంజీవయ్య ప్రభుత్వంలో ఉపముఖ్యమంత్రి అయ్యారు. 1970 జులైలో కన్నుమూశారు. ఎనిమిదేళ్లకు, 1978 ఆగస్టు 15న, హైదరాబాద్‌ జిల్లా నుంచి పల్లెలను వేరుచేసి కట్టిన కొత్త జిల్లాకు ఆయన పేరు వచ్చింది.

ఇంత మనిషికి ఇంటిపేరుగా మిగిలింది ఒక్క ‘కె’. అదైనా ఆయనకే సొంతమా అంటే కాదు. కాసు బ్రహ్మానందరెడ్డి ‘కె’, కోట్ల విజయభాస్కరరెడ్డి ‘కె’, కల్వకుంట్ల చంద్రశేఖరరావు ‘కె’. హైదరాబాద్‌లో రోజూ పొద్దున్నే కేబీఆర్‌ పార్కులో నడిచేవాళ్లలో ఆ మొదటి అక్షరం కాసు అని తెలిసినవాళ్లు ఎందరో! పొడి అక్షరం అన్న మాటను మనవాళ్లు ఊరికే పెట్టలేదనిపిస్తుంది. తడి ఆరిపోయాక మిగిలేది అదే.

దీన్ని కాస్త నిదానంగా చూడాలి. తెలుగువాడి పేరులో మూడు ముక్కలుంటాయి: ముందు ఇల్లు, నడుమ మనిషి, చాలామందికి చివర కులం. కుదించవలసి వచ్చినప్పుడు మనం కుదించేది ఏది? ఇంటిని. రెడ్డి, రావు, శాస్త్రి, చౌదరి పూర్తిగా నిలుస్తాయి. తాతముత్తాతలు ఏ ఊరి నుంచి వచ్చారో, ఏ పని చేశారో చెప్పే మాట చుక్క పెట్టించుకుని మూలన కూర్చుంటుంది. ఒకరి కులం తెలిస్తే చాలు, ఇల్లు తెలియకపోయినా ఫరవాలేదన్నట్టు రాసుకుంటున్నాం మన పేర్లను. పల్లెలో ముసలివాళ్లు మాత్రం ఇప్పటికీ కొత్త మనిషి కనిపిస్తే “ఎవరింటోళ్లు బిడ్డా?” అని అడుగుతారు. ఆ ప్రశ్నలో కులం ఆరా లేదని బుకాయించలేం. కాని అందులో ఇంకొకటి కూడా ఉంది: మీ తాత మాకు తెలుసేమో, మీ నాయనతో కలిసి చదువుకున్నామేమో అన్న వెతుకులాట. పొడి అక్షరానికి ఆ వెతుకులాట లేదు.

ఆ మాటకొస్తే చేవెళ్లకు పొడి అక్షరాలతో మరో అనుబంధమూ ఉంది. 2003 ఏప్రిల్‌ 9న ప్రతిపక్ష నాయకుడు రాజశేఖరరెడ్డి ఇక్కడి నుంచే పాదయాత్ర మొదలుపెట్టి ఇచ్ఛాపురం దాకా నడిచారు. ఆయన ఇంటిపేరు యెడుగూరి సందింటి. ఆ రెండు మాటలను పూర్తిగా పలికినవాళ్లు ఎవరూ ఆ దారిలో కనిపించి ఉండరు. అక్కడ పొడి అక్షరాలే ఇంటిపేరై కూర్చున్నాయి. ‘వైఎస్‌’ అంటే ఒక కుటుంబం, ఒక పార్టీ, ఒక జిల్లా. పెద్దమంగళారం రంగారెడ్డికి ఇల్లు అక్షరంగా కుంచించుకుపోతే, పులివెందుల రాజశేఖరరెడ్డికి అక్షరాలే ఇల్లయ్యాయి. ఒకే ఆచారం ఒకరిని దాచి, ఇంకొకరిని చాటింది.

చేవెళ్ల చుట్టుపక్కల పేర్లలో ఇంకో ముచ్చట ఉంది. ఈ మండలంలోని కౌకుంట్ల నుంచి ఎదిగి ఉమ్మడి రాష్ట్రానికి హోంమంత్రి అయిన ఇంద్రారెడ్డి ఇంటిపేరు పట్లోళ్ల. పటేలు ఇంటివాళ్లు, పట్లోళ్లు. తెలంగాణలో, ముఖ్యంగా ఈ పడమటి తట్టున, ‘ఓళ్ల’తో ముగిసే ఇంటిపేర్లు కొల్లలు. ఎవరో ఒక పెద్దమనిషి పేరుకో, అతడు చేసిన పనికో ‘వాళ్లు’ చేరి ఇంటిపేరైంది. ఫలానావాళ్ల పిల్లవాడు అని ఊరంతా అనగా అనగా అదే కాగితం మీదికి ఎక్కింది.

సరిగ్గా ఇదే పని ఇక్కడికి వేల మైళ్ల దూరాన స్లావ్‌ భాషలు మాట్లాడే దేశాల్లోనూ జరిగింది. రష్యాలో ఇవాన్‌వాళ్లు ఇవనోవ్‌లు, ప్యోత్ర్‌వాళ్లు పెత్రోవ్‌లు, కమ్మరివాళ్లు కుజ్‌నెత్సోవ్‌లు. సెర్బియా వైపు వెళితే ఆ ‘ఓవ్‌’ కాస్తా ‘ఒవిచ్‌’ అవుతుంది. మన పత్రికల ఆటల పేజీ చదివేవాళ్లకు జకోవిచ్‌ పరిచయమే. జోకో అన్న పూర్వికుడి ఇంటివాళ్లు అని ఆ పేరుకు అర్థం. చేవెళ్ల మాటలో చెప్పాలంటే జోకోవోళ్లు. ఆయన అసలు పేరు నొవాక్‌ మరీ తమాషా. సెర్బియాలో అది పిల్లవాడికి పెట్టే పేరు. అక్కడి నుంచి కాస్త ఉత్తరానికి పోతే, స్లొవేనియాలోనూ చెక్‌ దేశంలోనూ అదే అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు. ఊరికి కొత్తగా వచ్చినవాడిని నొవాక్‌ అన్నారు. తరాలు గడిచాయి. ఊళ్లో అందరికంటే పాతకాపులు వాళ్లే అయినా కొత్తవాళ్లుగానే పిలిపించుకుంటున్నారు. మన దగ్గరా ‘కొత్త’ ఇంటిపేరువాళ్లు ఉన్నారు కదా, వాళ్ల కథా ఇంతే అయి ఉంటుంది.

ఆ నొవాక్‌లలో మన పెద్దలకు తెలిసిన మనిషి ఒకామె ఉంది. హిచ్‌కాక్‌ తీసిన 1958 నాటి ‘వెర్టిగో’ నాయిక కిమ్‌ నొవాక్‌. షికాగోలో చెక్‌ మూలాలున్న ఇంట్లో పుట్టింది. అసలు పేరు మార్లిన్‌. అప్పటికే తెరను ఏలుతున్న మార్లిన్‌ మన్రో ఉండగా ఇంకో మార్లిన్‌ కుదరదన్నారు, సరేనని మార్చుకుంది. ఇంటిపేరూ మార్చమని స్టూడియో యజమాని పట్టుపడితే మాత్రం ససేమిరా అంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు వదులుకుంది గాని తల్లిదండ్రుల ఇంటిని వదులుకోలేదు. మనం చేసేది సరిగ్గా దానికి తలకిందులు.

ఇక కొండావారి దగ్గరికి తిరిగి వద్దాం. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఒకే ఇల్లు కాదు, ఒకే ఆలోచన అంతకంటే కాదు. అందుకు ఈ పేరును మించిన ఉదాహరణ తెలుగునేల మీద దొరకడం కష్టం. గుంటూరులో 1866లో పుట్టిన కొండా వెంకటప్పయ్య కూడా వకీలే. 1902లో బందరులో దాసు నారాయణరావుతో కలిసి కృష్ణాపత్రిక ప్రారంభించారు. తెలుగువారికి మద్రాసు నుంచి వేరుగా ఒక రాష్ట్రం కావాలని 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరగడానికి ముందూ వెనుకా ఊరూరా తిరిగినవారిలో ముఖ్యుడు. జనం ఆయనకు ‘దేశభక్త’ అని బిరుదు ఇచ్చారు. అది ఎంతగా అతుక్కుపోయిందంటే ఇంటిపేరుకు ముందు ఇంకో ఇంటిపేరు అయింది. దేశభక్త కొండా వెంకటప్పయ్య అంటేనే ఆ పేరు నిండుగా వినిపిస్తుంది.

పేర్లు చూడండి. వెంకటప్పయ్య, వెంకట రంగారెడ్డి. వృత్తి ఒకటే, ఇంటిపేరు ఒకటే, ఇద్దరూ ఆంధ్ర మహాసభల మనుషులే. అయితే ఒకరిది మద్రాసు రాష్ట్రపు ఆంధ్ర మహాసభ, మరొకరిది నిజాం రాష్ట్రపు ఆంధ్ర మహాసభ. పేరు ఒకటి, పెరడు వేరు. ఊళ్ల విషయంలోనూ ఇలాంటి తికమక ఉంది. నిజాం ఆంధ్ర మహాసభల చరిత్రలో 1941 నాటి చిలుకూరు సభ అని చదివి, మన మొయినాబాద్‌ బాలాజీ చిలుకూరే అనుకునేవాళ్లు ఉన్నారు. రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆ సభ అప్పటి నల్లగొండ జిల్లా చిలుకూరులోది.

గుంటూరు కొండా తెలుగువారిని ఒక రాష్ట్రంగా చూడాలనుకున్నాడు. పెద్దమంగళారం కొండా తెలంగాణను వేరు రాష్ట్రంగా ఉంచాలన్నాడు. 1955లో ఫజల్‌ అలీ సంఘం కూడా హైదరాబాద్‌ రాష్ట్రాన్ని అప్పటికి విడిగానే ఉంచి, 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది కోరితేనే కలపవచ్చని చెప్పింది. అయినా విలీనం ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరినప్పుడు తెలంగాణ తరఫున సంతకం చేసిన నలుగురిలో రంగారెడ్డి ఒకరు. వద్దన్న పెళ్లికి సాక్షి సంతకం పెట్టడం ఎలా ఉంటుందో ఆయనకే తెలియాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవాడు కావాలన్నది ఆ ఒప్పందంలో ఒక షరతు. తీరా రాష్ట్రం ఏర్పడ్డాక మొదటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి ఆ పదవే పెట్టలేదు. అది చేతికి ఆరో వేలులాంటిదని ఆయన తేల్చేశారని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఆరో వేలే సంజీవయ్య కాలంలో రంగారెడ్డి చేతికి వచ్చింది.

మూడో కొండా ఇంకో దిక్కు నుంచి వచ్చాడు. 1915 సెప్టెంబరు 27న ఆసిఫాబాద్‌ ప్రాంతపు వాంకిడిలో, నేతపని వారింట పుట్టిన కొండా లక్ష్మణ్‌ బాపూజీ. ఈయనా వకీలే! చేనేత సహకార సంఘాలకు ఊపిరి పోశారు. 1969లో తెలంగాణ కోసం కాసు మంత్రివర్గం నుంచి బయటికొచ్చారు. 2001లో తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టింది హుస్సేన్‌సాగర్‌ ఒడ్డున ఉన్న ఆయన ఇల్లు జలదృశ్యంలోనే. ఈయన పేరు చివర కులం లేదు, గాంధీగారిని పిలిచినట్టు ‘బాపూజీ’ అన్న పిలుపు ఉంది. సిద్దిపేట జిల్లా ములుగులోని ఉద్యాన విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టినప్పుడు కొండా లక్ష్మణ్‌ అని ఇంటిపేరుతో సహా రాశారు. రాయక తప్పదు మరి. వట్టి లక్ష్మణ్‌ అంటే ఎవరని అడుగుతారు. తోకలేని పేరుకు ఇంటిపేరే ఆసరా. అదే ఆయన పేరు చివర ఏ రెడ్డో రావో ఉండి ఉంటే, మొదటిది పొడి అక్షరమై పోయేదేమో.

ఈ ముగ్గురు వకీళ్లూ తమ జీవితంలో మంచి పాలు రాష్ట్రం అనే వ్యాజ్యానికే ధారపోశారు. తీర్పు వినడానికి ముగ్గురిలో ఒక్కరూ లేరు. వెంకటప్పయ్య 1949 ఆగస్టు 15న వెళ్లిపోయారు, ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న వచ్చింది. రంగారెడ్డి 1969 ఉద్యమం చల్లారుతుండగా పోయారు. బాపూజీ 2012 సెప్టెంబరులో, ఇరవై నెలల్లో తెలంగాణ వస్తుందనగా పోయారు. ఇందులో వాళ్ల ఇంటిపేరు మహత్యం ఏమీ లేదు. వాళ్ల ముగ్గురికీ ఒకరితో ఒకరికి చుట్టరికమూ లేదు. అయినా పేరు ఒకటే కావడం వల్ల మూడు బతుకులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలనిపించింది. ఇంటిపేరు వల్ల అంతమాత్రం ఉపకారం చాలు.

పెద్దమంగళారం ఇంటి తరువాతి తరాల గురించి కూడా ఒక మాట. అదే ఇంటి జస్టిస్‌ కొండా మాధవరెడ్డి ఆంధ్రప్రదేశ్‌కు, ఆ పైన బొంబాయికి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. రంగారెడ్డి మనవడు కొండా విశ్వేశ్వరరెడ్డి చేవెళ్ల లోక్‌సభ స్థానం నుంచి 2014లో టీఆర్‌ఎస్‌ తరఫున, 2024లో బీజేపీ తరఫున గెలిచారు. నడుమ 2019లో కాంగ్రెస్‌ అభ్యర్థిగా ఓడారు. పార్టీ జెండాలు మారినా పోస్టర్ల మీద ‘కొండా’ మాత్రం నిండుగా ఉంటోంది. తాతకు దక్కని అక్షరాలు మనవడికి దక్కాయి. ఎన్నికల్లో ఇంటిపేరుకు ధర పలుకుతుంది కాబట్టి అక్కడ ఎవరూ దాన్ని చుక్కగా కుదించరు.

ధర పలికే చోట ఇంటిపేరు ఎవరికి దక్కుతుంది, ఎవరికి దక్కదు అన్నది అసలు ప్రశ్న. రంగారెడ్డి మేనల్లుడు మర్రి చెన్నారెడ్డి. ఆయనా 1956 ఒప్పందం మీద మేనమామ పక్కన సంతకం పెట్టినవారే. తల్లి పుట్టిల్లు కొండావారిది, అయినా కొడుకు మర్రి. మన వంశవృక్షాల్లో ఆడకూతురు కొమ్మ తెగినట్టే లెక్క. ఆమె వెంట పసుపు కుంకుమలు వెళతాయి, భూమి ఒక్కోసారి వెళుతుంది, ఇంటిపేరు వెళ్లదు. కాని చరిత్ర వేసే చిక్కుముళ్లు వింతగా ఉంటాయి. ఇంటిపేరు ఇవ్వలేకపోయిన మేనమామ పేరు జిల్లాకు వచ్చింది మేనల్లుడు ముఖ్యమంత్రిగా ఉన్న 1978లోనే. మేనమామ ఉప్పు రుణం అంటారు మనవాళ్లు, ఇది అలాంటిదే అనుకోవచ్చు. ఇంకో సంగతి. 2016 అక్టోబరులో జిల్లాలను చీల్చినప్పుడు చెన్నారెడ్డి పుట్టిన మర్పల్లి మండలం వికారాబాద్‌ జిల్లాలోకి పోయింది. మామ పేరున్న జిల్లాలో అల్లుడి ఊరు లేదు. చేవెళ్ల, మొయినాబాద్‌లు మాత్రం రంగారెడ్డిలోనే మిగిలాయి. ఆ చేవెళ్ల రోడ్డుకు ఇరుపక్కలా తొమ్మిది వందలకు పైబడిన మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని కొట్టాలా వద్దా అన్న తగువు హరిత ట్రిబ్యునల్‌ దాకా వెళ్లింది. కొండా పేరున్న జిల్లాలో మర్రివారికి ఆ నీడైనా మిగిలింది, ఇది ఊరికే నవ్వుకోవడానికి.

ఆడవాళ్ల విషయం మాత్రం నవ్వి వదిలేసేది కాదు. వరంగల్‌ నుంచి వచ్చి 2023 డిసెంబరులో అటవీ, దేవాదాయ శాఖల మంత్రి అయిన కొండా సురేఖకు ఆ ఇంటిపేరు భర్త మురళి వైపు నుంచి వచ్చింది. డెబ్బై ఏళ్ల తేడాతో అడవుల శాఖ ఇద్దరు కొండాల చేతిలో పడడం కాకతాళీయం. కాని ఆమె ఆ పేరును సొంతం చేసుకున్న తీరు కాకతాళీయం కాదు. పుట్టింటిది కాని పేరును తన పేరుగా నిలబెట్టుకోవడానికి ఆడది ఎంత దూరం నడవాలో ఆ రాజకీయ జీవితమే చెబుతుంది. చేవెళ్ల వైపు చూస్తే పట్లోళ్ల సబితా ఇంద్రారెడ్డి. 2000లో భర్త రోడ్డు ప్రమాదంలో పోయాక రాజకీయాల్లోకి వచ్చి, 2009లో భర్త ఒకప్పుడు చూసిన హోంశాఖనే చేపట్టారు. ఆమె పేరులో ముందు అత్తింటి ఇంటిపేరు, చివర భర్త పేరు, నడుమ ‘సబిత’. రెండు గోడల మధ్య సొంత మనిషి. అయినా చేవెళ్ల జనానికి ఆమె చెల్లెమ్మ. ఆ పిలుపులో ఏ ఇంటిపేరూ లేదు.

కొన్ని స్లావ్‌ దేశాల ఆడవాళ్లకు ఇంకో చిక్కు. అక్కడ ఇంటిపేరుకే ఆడ మగ తేడా ఉంటుంది. నొవాక్‌ భార్య, నొవాక్‌ కూతురు నొవాకొవా అవుతారు. చెక్‌ దేశంలో ఆడవాళ్లు ఆ ‘ఒవా’ లేకుండా పేరు రాసుకోవాలంటే ఏవో మినహాయింపులు వెతుక్కోవలసి వచ్చేది. 2022 జనవరి నుంచి అక్కడి చట్టం మారింది, ఎవరిష్టం వాళ్లది. ఆ దేశపు వ్యాకరణ పండితులు గొణుక్కున్నారు గాని చట్టం మాత్రం నిలిచింది. మన ఇంటిపేర్లకు ఆ బెడద లేదు. పట్లోళ్ల ఆడపిల్లా పట్లోళ్లే, మగపిల్లవాడూ పట్లోళ్లే, పెళ్లిదాకా.

ఇక మొయినాబాద్‌ మండలంలోనే ఉన్న చిలుకూరుకు వెళితే, ఇంటిపేరుకు కొత్త కాలం వచ్చిన సంగతి కళ్లకు కడుతుంది. బాలాజీ గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటే వీసా వస్తుందన్న నమ్మకంతో వచ్చే కుర్రవాళ్లతో గండిపేట దారి కిక్కిరిసి ఉంటుంది. కోరిక తీరాక మళ్లీ వచ్చి నూటెనిమిది తిరగాలి. హుండీ లేదు, దేవుడికి రూపాయి ఇవ్వనక్కర్లేదు. ఆ కుర్రవాళ్లు పాస్‌పోర్టు దరఖాస్తు నింపేటప్పుడు జీవితంలో మొదటిసారి తమ పొడి అక్షరాన్ని విప్పుతారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ‘కె. శ్రీకాంత్‌’గా ఉన్నవాడు ‘కె’ అంటే ఏమిటో నాయనను అడిగి, నాయన తాతను అడిగి, ఇంగ్లీషులో దానికి ఎన్ని ‘ఓ’లు పెట్టాలో తేల్చుకుని రాస్తాడు. సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే మళ్లీ అఫిడవిట్ల తిప్పలు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలినవారికి అమెరికా వీసాలో పేరు స్థానంలో ‘తెలియదు’ అనే అర్థం వచ్చే మూడక్షరాలు పడతాయి. ఆ మూడక్షరాలే పేరుగా బ్యాంకు కార్డుల మీద మోస్తూ తిరిగే తెలుగువాళ్లు ఉన్నారు.

అక్కడికి చేరాక వరస కూడా తలకిందులవుతుంది. ఇల్లు వెనక్కి, మనిషి ముందుకి. హంగరీవాళ్లు, చైనావాళ్లు, జపానువాళ్లు మనలాగే ఇంటిపేరు ముందు రాసుకుంటారు గాని, ఆ గొడవ అమెరికా ఫారాలకు పట్టదు. ఇక్కడ ఇరవై రెండేళ్లు ఎవరూ పలకని ఇంటిపేరుతో అక్కడ బడి టీచరు నుంచి ఆసుపత్రి నర్సు దాకా అందరూ పిలుస్తారు. అక్కడ పుట్టిన పిల్లలకైతే అదే అసలు పేరు. వాళ్లను పొడి అక్షరంతో పిలిచేవారు లేరు. మొయినాబాద్‌లో పోగొట్టుకున్న ఇంటిని డాలస్‌లోనో న్యూజెర్సీలోనో దొరకబుచ్చుకున్నట్టయింది.

ఆడపిల్లల సంగతి మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు. పెళ్లయినంత మాత్రాన పాస్‌పోర్టులో పేరు మార్చుకోనక్కర్లేదని ప్రధానమంత్రి 2017 ఏప్రిల్‌లోనే ప్రకటించారు. పుట్టింటి ఇంటిపేరు ఉంచుకుంటామన్న వధువులు ఇటు చేవెళ్ల పల్లెల్లోనూ ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నారు. వాళ్ల పిల్లలకు ఎవరి ఇంటిపేరు పెట్టాలన్న మాట వచ్చేసరికి మాత్రం అత్తగారి ఇంటి నుంచి ఫోన్లు మొదలవుతున్నాయి.